నల్లబడిన సూది

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ ఇంట్లో అమ్మ పెడతానని బతిమాలుతుంటే కొడుకే మొహం తిప్పుకుంటున్నాడు. ఒళ్లో వేసుకుని, చొక్కా బొత్తాలు విప్పి, తల నిమిరి రొమ్ము నోటికి అందిస్తే, వాడు ఒక్కసారి చప్పరించి, వేపాకు తగిలినట్టు మొహం చిట్లించి, వెనక్కి విల్లులా వంగి, ఇంటి పైకప్పు లేచిపోయేలా ఏడుస్తున్నాడు. మూడు నెలల మనిషికి అంత పౌరుషమేమిటో!

"వాడికి నీ పాలు పడట్లేదమ్మాయ్," అంది వదిన వంటింటి గుమ్మంలో నిలబడి. ఆమె చేతిలో సీసా అప్పటికే తయారుగా ఉంది. "ఇలా తే. ఎందుకు వాణ్ణి అలా ఏడిపిస్తావు?"

తల్లి ఇవ్వలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. చివరికి వదినే వచ్చి, ఒళ్లోంచి పిల్లాణ్ణి ఎత్తుకుని, సీసా నోట్లో పెట్టింది. ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. వాడు గుటగుటా తాగుతూ, కళ్లు పైకెత్తి మేనత్త మొహంలోకి చూశాడు. ఆ చూపు తల్లికి రావలసింది. ఆమె తలొంచుకుని బొత్తాలు పెట్టుకుంది.

పిల్లాడి ముద్దుపేరు బొత్తాం. పుట్టినప్పుడు బొత్తామంత ఉన్నాడని తండ్రి పెట్టాడు. తల్లి టైలరు కాబట్టి పేరు ఆమెకూ నచ్చింది. ఆమె పనిచేసేది బట్టలు సరిచేసే దుకాణంలో. పొడుగైన ప్యాంట్లు కత్తిరించి మడత కుట్టడం, బిగుసుకున్న నడుములు వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం అక్కడి పని. ఇలాంటి పనిచేసే ఆడవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. చేతిలో సూది ఎక్కడ పెట్టాలో తెలియక కాలరుకి గుచ్చుకుంటారు, దాంతోనే ఇంటికి వచ్చేస్తారు. బొత్తాం పుట్టాక ఈమె ఇంట్లోకి అడుగుపెట్టగానే మొదట కాలరు తడుముకునేది. పిల్లాడికి గుచ్చుకుంటుందన్న భయంతో, తలుపు పక్కన గోడకి ఒక స్పాంజి ముక్క అతికించి, ఆ సూది తీసి దానికి గుచ్చేది. జీన్సు కుట్టే లావుపాటి సూదులు, పట్టుబట్ట కుట్టే సన్నవి, అన్నీ అక్కడే చేరాయి.

డబ్బాపాలు ఇంట్లోకి ఎవరూ సరదాకి తేలేదు. మొదటి నెలలో బొత్తాం బరువు పెరగలేదు. నర్సమ్మ తూకం చూసి, పెదవి విరిచి, "తల్లిపాలు ఆపొద్దు, కానీ సరిపోవడం లేదు. పైన కాస్త డబ్బాపాలు కలుపుకుందాం," అంది. ఆ రోజు వదిన కూడా వెంట వెళ్లింది. నర్సమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"ముందు రొమ్ము, తర్వాత సీసా. వాడు లాగేకొద్దీ నీకు పాలు పడతాయి. సీసా ముందు పెట్టారో, నీ కొట్టు మూసుకోవాల్సిందే. ఇంకోటి. ఈ పాలపీక చూశారా? సీసా తలకిందులు చేస్తే చుక్క, చుక్క, చుక్క, ఇలా పడాలి. రొమ్ము దగ్గర వాడు ఎంత కష్టపడతాడో సీసా దగ్గరా అంత కష్టపడాలి. ధారగా వచ్చేది ఒకసారి మరిగాడంటే ఇక నీ దగ్గరికి రాడు. పిల్లలూ మనలాంటివాళ్లేనమ్మా, సుఖం ఎక్కడుంటే అక్కడికే పోతారు."

ఇద్దరూ బుద్ధిగా విన్నారు. వదిన అయితే ముందుకు వంగి, ఒక్క మాట పొల్లుపోకుండా వింది. ఎంత మంచి ఆడపడుచు దొరికిందమ్మా అని నర్సమ్మ మెచ్చుకుంది కూడా.

అత్తగారికి మాత్రం ఈ ఏర్పాటు తలవంపుగా తోచింది. "నేను నలుగుర్ని కన్నాను, నలుగుర్నీ రొమ్ము మీదే పెంచాను. డబ్బా మొహం ఎరగను," అంది కుర్చీలోంచి. కాసేపాగి, "ఇద్దరు పోయారనుకో, అది వేరే సంగతి," అని కలిపింది. ఆవిడ మాట తీరే అంత. కాళ్లు పడిపోయి కుర్చీకి అతుక్కున్నాక నోరు ఒక్కటే తిరుగుతోంది కాబట్టి అన్ని పనులూ దాంతోనే చేస్తుంది.

బతికిన ఇద్దరిలో పెద్దది వదిన, చిన్నవాడు ఈ టైలరు మొగుడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఏదో ఒక మేడ ఎక్కుతాడు, సాయంత్రం ఒళ్లంతా గ్రీజుతో దిగుతాడు. ఇంటి సంగతులు అడిగితే "అక్క చూసుకుంటుంది" అంటాడు. నిజంగానే అక్క చూసుకుంటుంది. పెళ్లయి చాలా ఏళ్లు కాపురం చేసి, కడుపు పండలేదని మొగుడు తిప్పి పంపిస్తే, ఒక పెట్టెతో పుట్టింటికి వచ్చి, వచ్చిన రోజే చీపురు పట్టుకుంది. వంటిల్లు ఆమెది. బీరువా తాళాలు ఆమెవి. తమ్ముడి చొక్కాల ఇస్త్రీ ఆమెది. కొత్తగా వచ్చిన మరదలు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే, "నువ్వు కూర్చోమ్మా, నేను వేస్తాలే," అనేది. మంచితనానికి మించిన గోడ ఉండదు. ఎక్కి దూకలేం, పగలగొట్టలేం.

అందుకే టైలరు తన స్నేహితురాలితో ఒకసారి నవ్వుతూ అంది: "ఆ ఇంట్లో నావని చెప్పుకోడానికి ఉన్నవి రెండే. అవి కూడా బొత్తాం గాడు పుట్టాకే పనిలోకొచ్చాయి." నవ్వుతూనే అంది కానీ నవ్వులాట కాదు. వాడు రొమ్ము పట్టుకుని తాగే ఆ కాసేపు మాత్రం ఇంట్లో ఎవరూ ఆమెని పక్కకి జరగమనేవారు కాదు. వదిన కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయేది. అది పోతే తను ఆ ఇంట్లో జీతం తెచ్చే అద్దెమనిషి. ఆ సంగతి ఆమెకి తెలుసు, వదినకీ తెలుసు.

సెలవు అయిపోయి ఆమె పనిలోకి వెళ్లాక మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. పొద్దున, సాయంత్రం రొమ్ము. పగలంతా వదిన చేతి సీసా. దుకాణంలో పాలు చేపుకొచ్చి చొక్కా తడిసేది. అప్పుడు, బట్టలు వేసుకుని చూసుకునే గదిలోకి దూరి గడియ పెట్టుకునేది. మూడు వైపులా అద్దాలు. ఎటు చూసినా రొమ్ము పిండుకుంటున్న తనే కనబడేది. బయట నుంచి యజమాని తలుపు కొట్టి, "ఎవరమ్మా లోపల, పెళ్లికూతురా? ఇంకా ముస్తాబు అవలేదా?" అని అరిచేవాడు. ఆ పాలు ఫ్లాస్కులో ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. మొదట్లో ఫ్లాస్కు బరువుగా ఉండేది.

తర్వాత బొత్తాం సాయంత్రాలు పేచీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత పొద్దున్న కూడా. వాడు లాగకపోయేసరికి పాలు తగ్గాయి. పాలు తగ్గేసరికి వాడికి ఇంకా విసుగొచ్చింది. ఆమె మెంతులు నమిలింది, నీళ్లు తాగింది, ఎవరేం చెబితే అది చేసింది. అద్దాల గదిలో పిండితే ఫ్లాస్కు అడుగు కూడా తడవడం లేదు. యజమాని తలుపు కొట్టకముందే బయటికి వచ్చేస్తోంది.

"పోనీలేవే, నీకు రాత లేదు," అంది అత్తగారు. "ఆవులే అన్నీ పాలివ్వవు."

వదిన పిల్లాడి మూతి తుడిచింది.

ఒక మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయింది. ఎంతకీ రాకపోతే యజమాని విసుక్కుని షట్టరు దించేశాడు. బొత్తాం నిద్ర లేచేలోగా ఇంటికి చేరాలని ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. నిద్రమత్తులో ఉంటే రొమ్ము పట్టుకుంటాడేమోనని ఆశ. తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్తగారు కుర్చీలో గురకపెడుతోంది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని లోపలి గది దాకా వెళ్లింది.

వదిన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన ఖాళీ సీసా. ఆమె చొక్కా తెరిచి ఉంది. బొత్తాం కడుపు నిండిన మత్తులో కళ్లు మూసుకుని, ఆమె రొమ్ము నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా చప్పరిస్తున్నాడు. ఏడవడం లేదు. విరుచుకోవడం లేదు. తల్లి దగ్గర ఎలా పడుకోవాలో అలా పడుకున్నాడు. వదిన కళ్లు కూడా మూసుకునే ఉన్నాయి.

"అమ్మని రా," అంటోంది మెల్లగా. "నేనే అమ్మని."

టైలరు వెనక్కి నడిచింది. జాలి కూడా వేసింది, అబద్ధం ఎందుకు. కానీ అది గది గుమ్మం నుంచి వీధి తలుపు దాకా మాత్రమే నిలిచింది. అలవాటుగా చెయ్యి కాలరు మీదికి పోయింది. సూది తీసి స్పాంజికి గుచ్చబోతే, అక్కడున్న జీన్సు సూదుల్లో ఒకటి వేరుగా కనబడింది. తళతళలాడాల్సిన మొన నల్లగా, నీలంగా కమిలి ఉంది. దాని చివర ఏదో అంటుకుని ఉంది. గోటితో గీరి వాసన చూసింది. కాలిన రబ్బరు.

వంటింట్లోకి వెళ్లి, సాయంత్రానికని కడిగి బోర్లించిన రెండో సీసా తీసుకుంది. నీళ్లు పోసి, పీక బిగించి, తలకిందులు చేసింది. చుక్క చుక్కగా పడలేదు. దారం వదిలినట్టు ధార కారింది.

సూదిని పొయ్యి మీద కాల్చి, పీక రంధ్రం పెద్దది చేసింది వదిన. వాడు చప్పరించక్కర్లేకుండా పాలు వాటంతటవే గొంతులోకి దిగేలా. తల్లి దగ్గర కష్టపడాల్సిన అవసరమేంటో వాడికి అర్థం కాకుండా పోయేలా. అందుకు వాడిన సూది తల్లిదే. పిల్లాడికి గుచ్చుకోకూడదని ఆమె తీసి గోడకి పెట్టిన సూది.

అప్పుడే అరిచి, జుట్టు పట్టుకుని, నాలుగు తగిలించి ఉంటే బాగుండేది. పగ చల్లారేది. ఆమె అలా చేయలేదు. చినిగిన బట్టని ఎక్కడినుంచి విప్పితే మొత్తం ఊడి వస్తుందో ఆమెకి బాగా తెలుసు. సాయంత్రం దాకా ఆగింది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. వదిన వడ్డిస్తోంది. బొత్తాం ఉయ్యాల్లో ఉన్నాడు. మొగుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అత్తయ్యా, మీకో శుభవార్త," అంది టైలరు. "మనింట్లో పాలకి కరువు తీరింది. వదినకి కూడా పడ్డాయి."

"ఏమిటే ఆ వాగుడు?" అంది అత్తగారు.

"నిజమండీ. మధ్యాహ్నం మీరు నిద్రపోయాక బొత్తాం గాడికి ఇస్తోంది. నా కళ్లతో చూశాను." వదిన వైపు తిరిగింది. "ఎండిన బావిలో చేద వేస్తే ఏమొచ్చింది వదినా? బురదయినా పైకొచ్చిందా?"

వదిన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ముందు కదిలింది అత్తగారు. మొదట భుజాలు ఊగాయి, తర్వాత కడుపు. నవ్వు ఆపుకోలేక ఆవిడకి కళ్లనీళ్లొచ్చాయి.

"అయ్యో నా తల్లే! చేద వేసిందట! అక్కడ నీళ్లుంటే మీ ఆయన నిన్నెందుకు తిప్పి పంపిస్తాడే?"

కన్నతల్లి నవ్వుతుంటే వదిన ఆమె వైపే చూసింది. ఆ చూపు చూసి ఎవరైనా ఆగిపోవాలి. టైలరు ఆగలేదు. జేబులోంచి నల్లబడిన సూది, పెద్ద రంధ్రాల పీకలు రెండూ తీసి కంచాల మధ్య పెట్టింది. నర్సమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటే మొగుడికి వినిపించింది. తర్వాత బట్టలు కోసే కత్తెర తెచ్చి, పీకల్ని అందరి ముందూ ముక్కలు చేసి, సూదిని మళ్లీ స్పాంజికి గుచ్చింది.

"అక్కా," అన్నాడు మొగుడు. "ఇది నిజమా?"

"నిజమే."

"ఎందుకలా చేశావు?"

వదిన గరిటె గిన్నెలో పెట్టింది. "ఒక్కడైనా నన్ను చూసి ఏడుపు మానాలనిపించిందిరా," అంది. "ఒక్కడైనా."

ఆ అక్కే చిన్నప్పుడు అతణ్ణి చంకనేసుకుని తిప్పింది. అతను చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. మగవాళ్లకి ఇల్లు ఎంత ఇరుకైనా బాల్కనీ ఒకటి దొరుకుతుంది.

మర్నాడు పొద్దున వదిన పెట్టె సర్దుకుంది. పిన్ని ఊరు వెళతానంది. ఎవరూ ఉండమనలేదు. వెళ్లేముందు సీసాలు రెండూ మరిగించి, గుడ్డ మీద ఆరబెట్టింది. బీరువా తాళాలు అమ్మ కుర్చీ చేతి మీద పెట్టింది. ఆ తర్వాత మరదలి ముందుకొచ్చి, "ఒక్కసారి ఎత్తుకోనా?" అని అడిగింది.

టైలరు పిల్లాణ్ణి భుజానికి అదుముకుని వెనక్కి తిరిగి నిలబడింది. బొత్తాం మాత్రం భుజం మీదుగా మేనత్తని చూసి నోరంతా తెరిచి నవ్వాడు. వదిన ఆ నవ్వు తీసుకుని మెట్లు దిగింది.

ఇల్లు గెలిచాననుకుంది టైలరు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కనుక్కుంది. చుక్క చుక్కగా పడే కొత్త పీక కొంది. దుకాణంలో యజమాని కాళ్లావేళ్లా పడి సెలవు తెచ్చుకుంది. బొత్తాంతో గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, వాడి చొక్కా, తన చొక్కా విప్పి, వాణ్ణి గుండెల మీద పడుకోబెట్టుకుంది. వాడు ఏడ్చాడు. రొమ్ముకి ఏడ్చాడు, కొత్త పీకకి ఏడ్చాడు. ఎత్తుకుంటే ఏడ్చాడు, దించితే ఏడ్చాడు. ఏడిచి ఏడిచి అలిసిపోయి, గుమ్మం వైపు తల తిప్పి చూసేవాడు.

నర్సమ్మ దగ్గరికి తీసుకెళితే ఆవిడ తిట్టలేదు. "మళ్లీ అలవాటు చేయొచ్చమ్మా, చాలామంది చేశారు. బాగా ఆకలి కాకముందే పెట్టు. నిద్రమత్తులో పెట్టు. అందాకా పాలు చెంచాతో పట్టు. ఓపిక కావాలి, అంతే."

ఓపిక ఉంది. సెలవే లేదు. చెంచాతో పోసిన పాలు సగం మెడ మీదికి కారేవి. బొత్తాం బుగ్గలు లోపలికి పోయాయి. నర్సమ్మ తూకం మీద పెట్టి ఈసారి పెదవి కూడా విరవలేదు. తగ్గిన బరువు కాగితం మీద రాసింది. దుకాణం నుంచి కబురొచ్చింది: రేపు రాకపోతే ఎల్లుండి రానక్కర్లేదు. ఆ సాయంత్రం మొగుడు చాలా సేపు గ్రీజు కడుక్కుని, చివరికి నోరు విప్పాడు.

"అక్కని పిలుస్తాను."

"ఆమె ఈ గుమ్మం తొక్కితే నేను వాణ్ణి తీసుకుని వెళ్లిపోతాను."

"తీసుకెళ్లి ఏం పెడతావు వాడికి?" అన్నాడతను. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగాడు.

మర్నాడు పొద్దున అతను పనికి వెళ్లిపోయాడు. ఆమె దుకాణానికి బయల్దేరాలి. బొత్తాం ఉయ్యాల్లో ఏడుస్తున్నాడు. ఏడుపులో ఇదివరకటి జోరు లేదు, గొంతు పీలగా వస్తోంది. వాడు ఏడిస్తే చాలు, ఒకప్పుడు ఆమెకి పాలు చేపుకొచ్చి చొక్కా తడిసిపోయేది. ఆమె ఉయ్యాల ముందు నిలబడి ఎదురుచూసింది. చొక్కా ముందు భాగం చేత్తో తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. ఇంకొంచెం సేపు నిలబడింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. పొడిగానే ఉంది.

ఆమె తలుపు దగ్గరికి వెళ్లి స్పాంజి నుంచి సూది లాగింది. ఏ సూదో వెతుక్కోవాల్సిన పని లేదు, ఒక్కటే నల్లగా ఉంది. పొయ్యి వెలిగించి, పట్టకారుతో సూది పట్టుకుని మంటలో పెట్టింది. మొన ఎర్రబడ్డాక కొత్త పీక రంధ్రంలో దించింది. చుయ్‌మని పొగ వచ్చింది. ఎంత లోతు దించాలో, ఎంత తిప్పాలో చేతికి తెలుసు. చేతికొచ్చిన పని చేసింది.

వాసన కుర్చీ దాకా పోయింది. "కాలుస్తున్నావా?" అంది అత్తగారు, తాళాల గుత్తి ఒళ్లో ఆడిస్తూ. "కాల్చు, కాల్చు. అయితే ఇప్పుడు ఇంట్లో రెండు బావులూ ఎండాయన్నమాట." ఆవిడే నవ్వుకుంది. కోడలు నవ్వలేదని బాధపడలేదు.

సీసా నోట్లో పెట్టగానే బొత్తాం ఆగిపోయాడు. రెండు చేతులతో సీసా మీద పడ్డాడు. గుటగుటా, గుటగుటా. ఆమె కుర్చీలో కూర్చుని వాడి కళ్లలోకి చూసింది. వాడు ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు.

బల్ల మీద ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు. వేలి కొసతో నొక్కి, స్పీకర్లో పెట్టింది.

"నేనమ్మాయ్," అంది వదిన గొంతు. "పెట్టేస్తాను, ఒక్కటే అడుగుతాను. వాడు తాగుతున్నాడా?"

టైలరు సీసా ఇంకాస్త పైకెత్తింది. "శుభ్రంగా తాగుతున్నాడు. నా దగ్గరే. నువ్వెళ్లిన రోజు నుంచి రొమ్ము వదలడం లేదు. సీసా చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. నీ అవసరమేం పడలేదు వదినా, ఇక పడదు కూడా."

బొత్తాం తాగుతున్న చప్పుడు గదంతా వినబడుతోంది. గుట తర్వాత గుట, మధ్యలో పీకలోంచి గాలి ఈల. అవతల వదిన ఆ చప్పుడంతా విన్నది.

"సీసా మరీ నిటారుగా పట్టకమ్మా," అంది చివరికి. "ఆ రంధ్రానికి ధార ఎక్కువ. పొలమారుతుంది."

టైలరు సీసా కాస్త వంచి పట్టుకుంది.